అన్న కోరిన ఫోటో

ఆ పెద్ద పుస్తకాన్ని మా కోడలు లైబ్రరీ నుంచి తెచ్చింది. నిండా ఫోటోలే. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు గనుల్లో పనిచేసిన మనుషులవి. "మామయ్యా, మీ లైన్ కదా, టైంపాస్ అయితది" అని టీపాయ్ మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళింది.

నేను తెలంగాణలో మా వైపు బొగ్గుబావిలో ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టులో కింద జరిగే పని చూసుకునే ఉద్యోగిగా రిటైరయ్యాను. మా అన్న అదే బావిలో తట్టకు బొగ్గెత్తి టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే తొట్లు, నింపేవాడు. ఆ రోజుల్లో అన్నా వదినా, సింగపూర్‌లో కొడుకు దగ్గరుంటున్న నన్ను చూడడానికి వచ్చి ఉన్నారు. అన్న ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నాయి. మేముండే యూ టీ పేటలో మా బ్లాకు నుంచి రైలు స్టేషన్ దాకా నడిచేలోగా రెండు చోట్ల ఆగేవాడు. అందుకని పగలంతా ఇంట్లోనే ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం.

మట్టిముద్దతో టోపీకి కొవ్వొత్తి అంటించుకున్నవాళ్ళు, టబ్బు లాగే పొట్టి గుర్రం, పక్కకు ఒరిగి పడుకుని బొగ్గుపొర అడుగుకు పికాసు ఆనించిన మనిషి, గోడవారన గొంతుక్కూర్చుని రేకుడబ్బాల్లోంచి రొట్టె తింటున్నవాళ్ళు.

"గీన పని చేస్తలేడురా," అన్నాడు అన్న, పడుకున్న మనిషి మీద వేలు పెట్టి. "చేస్తే భుజం మీద పొడి ఏది? పండుమన్నరు, పన్నడు."

"అప్పటి కెమెరా ముందల కదలొద్దన్నా. కదిలితే మసకొస్తది."

"మరి గుర్రానికెవలు చెప్పిన్రు?"

"గుర్రం తల మసకగనే ఉన్నది సూడు."

అన్న నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకున్నాక రొట్టె తినేవాళ్ళను చాలాసేపు చూశాడు. "గీళ్ళు మాత్రం మనోళ్ళే. కూసున్న తీరు సూడు. బాయిల పనిజేసినోడే గట్ల కూసుంటడు." తర్వాత పుస్తకం మూసి అన్నాడు: "మనదొక్కటి లేకపాయె తమ్మీ."

నిజంగానే లేదు. మా బావిలో నిప్పురవ్వ పడితే పేలే గ్యాసు ఉండేది. దిగే ముందు జేబులు తడిమి బీడీ, అగ్గిపెట్టె తీసేసుకునేవారు. కెమెరా మాట ఎత్తడానికే లేదు. నాకు ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాసే అలవాటు. ఏ దారిలో నీళ్ళు ఊరాయో, ఎక్కడ పైకప్పుకు ఆసరాగా దిమ్మెలు నిలబెట్టించానో అన్నీ వాటిలో ఉన్నాయి. షిఫ్టు దిగి వచ్చేటప్పుడు మా అన్న ఎట్లా ఉండేవాడో ఒక్క వాక్యం లేదు. ఎప్పుడూ కళ్ళముందే ఉన్న మనిషి గురించి రాయాలని తోచలేదు. ఇప్పుడు ఆ బావి కూడా లేదు. ఓపెన్‌కాస్ట్ గుంతను పైనుంచి తవ్వుకుంటూ వచ్చి, మేము తిరిగిన దారులన్నీ పైకప్పుతో సహా ఎత్తుకుపోయింది.

"నేను పోయినంక గోడకు ఏది పెడ్తరో నాకెర్కే," అన్నాడు అన్న. "పించన్ కార్డు మీద తెల్లంగి ఫోటో ఉన్నది గదా, దాన్నే పెద్దగ చేపిస్తరు. అండ్ల నేను బ్యాంకు గుమస్త లెక్కుంట. బాయి బట్టలల్ల ఒక్కటి తియ్యిరా. గోడకు గదే ఉండాలె."

వదిన వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను పెట్టనియ్య. ఉన్నన్ని రోజులు ఆ మసి బట్టలు ఉతికీ ఉతికీ నా చేతులు పోయినయ్. గోడ మీద గూడ గదేనా?"

"గోడ మీదియి ఉతికే పని లేదు గదనే."

"పొద్దుగాల పొద్దుగాల సావు ముచ్చట్లు," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం కోడలు కారులో మమ్మల్ని లిటిల్ ఇండియా తీసుకెళ్ళింది. హెల్మెట్, తలకు కట్టుకునే టార్చి, ఒక సంచి కట్టెబొగ్గు కొన్నాను. హార్డ్‌వేర్ దుకాణం తమిళాయన హెల్మెట్ ఇస్తూ, "ఎంద సైట్ అంకుల్?" అని అన్నను అడిగాడు. ఏ సైటులో పని అని అడుగుతున్నాడని నేను చెప్పగానే అన్న ముఖం వెలిగింది. "నాకింక డ్యూటీ ఉన్నదని చెప్పురా ఆయనకు."

సాయంత్రం మా బ్లాకు కింద అందరూ కూర్చునే వాయిడ్ డెక్‌లో ఖాళీ గోడ చూసి అన్నను నిలబెట్టాం. బొగ్గు నూరి నేనే ముఖానికి, చేతులకు రాశాను. అన్న చేతులు తిప్పి చూసుకున్నాడు. "గిది మెరుస్తలేదు." కట్టెబొగ్గు చచ్చిన నలుపు. మా బొగ్గుపొడి దీపం పడితే తళుక్కుమనేది. హెల్మెట్ కూడా తీసి చేతిలో తూచాడు. "గింత అల్కగుంటే రూఫ్ నవ్వుతది."

"పెద్దమామయ్యా, కొంచెం లెఫ్ట్. స్మైల్ వద్దులెండి, నార్మల్‌గా ఉండండి," అంది కోడలు ఫోన్ పట్టుకుని.

నార్మల్‌గా ఉండడం ఆయనకు చేత కాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు వైపులా వేలాడేసి, ఊపిరి బిగబట్టి, నేరుగా కెమెరాలోకి చూశాడు. కోడలు నాలుగైదు తీసి చూపించింది. అన్న ఒక్కొక్కటీ చూసి ఫోన్ తిరిగి ఇచ్చాడు.

"పగటేషగాని లెక్కున్న. తీసెయ్ బిడ్డా."

"ఉండనీయండి పెద్దమామయ్యా, బాగానే..."

"తీసెయ్. తెల్లంగిదే మంచిగుంటది."

కోడలు నా వైపు చూసింది. నేను తలూపాను. అన్నకు నచ్చనిది ఎందుకని అప్పుడు అనిపించింది. ఆ ఇంగ్లండు మనుషులు కూడా కదలకుండా పండుమంటే పన్నవాళ్ళే. అయినా ఇన్నేళ్ళ తర్వాత వాళ్ళ ముఖాలు మా టీపాయ్ మీదికి వచ్చాయి. ఈ మాట నాకు ఆ సాయంత్రం తోచి ఉంటే బాగుండేది.

ఊరికి తిరిగి వెళ్ళాక ఆ వానాకాలంలోనే అన్న పోయాడు. నేను వెళ్ళి, దినాలు ముగిశాక వచ్చేశాను. ఫ్రేము ఆ తర్వాత తయారైంది. వదిన వీడియో కాల్ చేసి ఫోన్ గోడవైపు తిప్పింది. తెల్లచొక్కా, మెడ దాకా పెట్టిన గుండీ, బంతిపూల దండ. అన్నే, కానీ ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు. ఇంకొంచెం దగ్గరికి పెట్టమన్నాను.

కనుబొమ్మ పైన నీలిగీత లేదు. వయసులో ఉన్నప్పుడు పైకప్పు నుంచి పెళ్ళ రాలి అక్కడ చీరుకుంది. లోపల బొగ్గుపొడి ఉండగానే గాయం మూసుకుంది. బావిలో పనిచేసినవాళ్ళలో చాలామందికి అలాంటి గీత ఒకటి ఉంటుంది, ఏ సబ్బుకీ పోదు. స్టూడియోవాళ్ళు దాన్ని మరక అనుకుని తుడిచేశారు.

"వదినా, గీత తీసేసిన్రు."

"అవు. నేను చెప్పలే, ఆళ్ళే తీసిన్రు." ఫోన్ తనవైపు తిప్పుకుంది. "నేను గూడ మంచిగున్నడనే అనుకున్న. రెండు దినాల సంది సూస్తున్న, ఈయన నా దిక్కు సూస్తున్నట్టే లేదు."

"మళ్ళ పెట్టమని చెప్పు. పెడ్తరు."

"ఎట్లుంటదో ఆళ్ళకేమెరుక?"

నేను చెప్పబోయాను. "ఎడమ కనుబొమ్మ మీద..." అనేంతవరకు వచ్చి ఆగిపోయాను. ఏటవాలుగా ఉండేదా, నిలువుగానా? ఈలోగా వదిన ఫోన్‌ను ఎక్కడో ఆనించి, గోడ దగ్గరికి నడిచింది. మునివేళ్ళ మీద లేచి దండ పక్కకు జరిపి, అద్దం మీద చూపుడువేలితో గీసింది, కనుబొమ్మ మధ్యనుంచి కణతవైపు, చివర కొద్దిగా పైకి.

"గిట్ల," అన్నది, మళ్ళీ ఒకసారి గీస్తూ.