మా నాయిన చేసిన కివి షర్బత్

ఆ రోజుల్ల ఫారిన్ కంపెనీలకు దేశం తలుపులు బార్లా తెరిచిండ్రని పేపర్లల్ల రాస్తుండిరి. ఆ తలుపుల్నుంచి ఎవలికి ఏమేం వచ్చినయో గని, చంద్రపూర్‌ల మా తుకుం బస్తీకి మాత్రం ముందుగాల వచ్చింది ఒక ఎర్ర ఫ్రిజ్. మా షర్బత్ దుకాణం ఎదురుంగ ఉన్న పాన్ డబ్బా ఆయనకు కూల్‌డ్రింకు కంపెనీవాళ్లు దాన్ని ఉత్తగనే ఇచ్చిపోయిండ్రు. లోపట లైటు గూడ ఉండె. మే నెలల మా ఊరి ఎండకు కాకులు గూడ నోరు తెరుచుకొని కూసుంటయి. గసొంటి ఎండల మా నాయిన మారేడు పండు గుజ్జు పిసికి, నల్లుప్పు, జీలకర్ర ఏసి చేసే షర్బత్ కోసం ఎన్నో ఏండ్ల సంది జనం లైను కట్టేటోళ్లు. ఆ ఏడు గూడ లైను ఉండె, కాకపోతే రోడ్డుకు అవతలి దిక్కు ఉండె. (ఇప్పటికీ ఎర్ర ఫ్రిజ్ కనవడితే నా కడుపు మండుతది. తాగేది మాత్రం దాంట్లదే, ఏం జేస్త!)

బామ్ని ఊర్ల మా చిన్నాయినకు బట్టల దుకాణం ఉండె. "వదినె, అన్నను వచ్చి మా గల్లపెట్టె కాడ కూసోమను" అని మర్యాదగనే కబురు పంపిండు. గంత మర్యాదగ పంపినందుకే నాయినకు ఇంకింత కాలింది. దుకాణదారు ఇండ్లల్ల పుట్టినోడు తమ్ముని కింద కూసునుడంటే నలుగుట్ల తల దించుకున్నట్టే. గప్పుడే సాస్తి బొగ్గు గనుల ఆఫీసర్ల క్లబ్బుల ఎండాకాలమంత షర్బత్ పోసేటోళ్ల కోసం ఎతుకుతున్నరని తెలిసింది. అది దొరికితే మా దుకాణం నిలబడుతది, లేకుంటే నాయినకు బామ్ని బస్సే దిక్కు.

"మరి మారేడు షర్బత్ తీస్కపో నాయినా" అన్న నేను. అప్పుడు నేను పదో తరగతి పాసై, నా అంత తెలివైనోళ్లు లేరని తిరుగుతున్న.

"ఏందే పిచ్చిదానా! అది మన అసొంటోళ్లు కడుపుల వేడికి తాగేది. ఆఫీసర్లకు ఫారిన్ పండు గావాలె" అన్నడు నాయిన.

ఫారిన్ పండ్లన్ని నాగపూర్ నుంచి వచ్చే ఎసెన్సులాయన పెట్టెల ఉండె. ఆయన కంటె ముందుగాల ఆయన వాసన వచ్చేది గనుక మా ఇంట్ల ఆయన పేరు సెంటు సాబ్. లిచీ, పాషన్ ఫ్రూట్, కివి అనుకుంట ఒక్కొక్క సీసా మూత తీసి మా ముక్కుల కాడ పెట్టిండు. నాయిన కివి కాడ ఆగిండు. ఆ పండును మా ఇంట్ల ఎవలు చూసిన పాపాన పోలే. సీసా మీది బొమ్మ చూసి అమ్మ "ఆలుగడ్డ లోపట పచ్చగైతే పారేస్తం గదయ్యా, వీళ్లు తాగుతరా?" అన్నది. చుక్కచుక్కనే ఎయ్యాలె, ఎక్కువొద్దని సెంటు సాబ్ పోయేటప్పుడు దండం పెట్టి మరీ చెప్పిండు, "సేఠ్, బూంద్ బూంద్ డాలో. జ్యాదా నకో."

ఆయన సందు తిరిగిండో లేదో నాయిన అందుకున్నడు. "సరుకు అమ్మేటోడు తక్కువ వాడుమంటడా ఎక్కడన్న? నేను తక్కువ వాడితే వాడు మల్ల ఏమమ్ముకుంటడు? ఇండ్ల ఏదో మతలబున్నది!" పుట్టినకాడి నుంచి వ్యాపారం చూసిన మనిషాయె, చుక్కలు నమ్ముతడా! గులాబి ఎసెన్సుకు ఎట్ల మూతలు నింపి పోసేటోడో గట్లనే పోసిండు, ఫారిన్ పండుకు మర్యాద తక్కువ గావద్దని ఇంకో మూత గూడ పోసిండు. బిందెల నీళ్లు కిటికీలకేసే పచ్చ పెయింటు రంగుకొచ్చినయి.

మా ఇంట్ల ఒక రివాజు ఉండె. కొత్త సరుకు బోణి అయ్యేదాక ఇంట్లోళ్లు దానికి వంక పెట్టొద్దు, పెడితే సరుకుకు దిష్టి తగులుతది. నేను ఒక గుక్క తాగిన. కాకరకాయను సబ్బు నీళ్లల్ల నానేసినట్టున్నది. నోరు తెరిచేలోపట అమ్మ నా తొడ మీద గట్టిగ గిచ్చి, తను కండ్లు మూసుకొని తాగి "మంచిగున్నది" అన్నది. (అమ్మ అబద్ధం చెప్పంగ చూసుడు నాకు గదే మొదటిసారి.) నాయిన గూడ తాగిండు. తువ్వాలతోని మూతి తుడుసుకున్నడు. తర్వాత "అసలు పండు గిట్లనే చేదుంటది గావచ్చు. గొప్పోళ్లు తాగేదేది తియ్యగుంటది చెప్పు?" అని తనకు తనే సముదాయించుకున్నడు.

ఆఫీసర్లకు రుచి చూపెట్టే దినం, క్లబ్బుల గ్లాసులు కడుగుతానికి నన్ను గూడ తీస్కపోయిండు. ముందుగాల సెక్రటరీ సాబ్ తాగిండు. ఆయన సింగపూర్ పోయొచ్చిండని అందరికి తెలుసు, తెలువనోళ్లకు ఆయనే చెప్తడు. ఒక గుక్క మింగంగనే ఆయన కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అందరు ఆయన మొకమే చూస్తున్నరు. "వా సేఠ్! ఏకదమ్ అసలీ! సింగపూర్‌ల గిదే టేస్ట్" అన్నడు. ఇగ వేరేటోళ్లకు చేదుందనే ధైర్యం యాడుంటది? "ఛాన్ ఆహే, ఛాన్ ఆహే" అని మరాఠీల మెచ్చుకుంట ఒక మేడం తన గ్లాసును మెల్లగ క్రోటన్ కుండీల వొంపుడు నా కండ్లార చూసిన. నాయిన చూడలే. భుజం మీద తువ్వాల సర్దుకుంట, ఒక్కొక్కలు మెచ్చుకుంటుంటే పెండ్లికొడుకు లెక్క సిగ్గుపడుకుంట నిలబడ్డడు. ఆయన్ను గంత సంతోషంగ నేను ముందెన్నడు చూడలే.

ఆర్డర్ రాలే. వారం చూసి నాయిన ఇస్త్రీ అంగి తొడుక్కొని క్లబ్బుకు పోయిండు. పోయేసరికి అక్కడ గూడ ఎర్ర ఫ్రిజ్ వచ్చి కూసున్నదట. సెక్రటరీ సాబ్ కుర్చేసి కూసోబెట్టి, "సేఠ్, మీది హై క్లాస్ సరుకు. మా వాళ్లకు ఇంకా గంత ఫారిన్ అలవాటు గాలే" అని చెప్పి పంపిండట. నాయిన ఇంటికొచ్చి చెప్పులిడుసుకుంట "చూసినవా, హై క్లాస్ అన్నడు" అన్నడు అమ్మతోని. ఎండాకాలం గడవక ముందే షటర్ దించి బామ్ని బస్సెక్కిండు. తమ్ముని గల్ల కాడ కూసొని, రిటైరైన సర్కారు నౌకరు లెక్క, వచ్చినోళ్లందరికి తన కివి షర్బత్ సంగతి చెప్పేటోడు.

నాకు ఆ ఆఫీసర్ల మీద గిప్పటికీ కోపమే. నా కోపం వాళ్లు ఆర్డర్ ఇయ్యనందుకు గాదు. చేదున్నదయ్యా అని ఒక్కడన్న అనుంటే నాయిన తెల్లారే మారేడు షర్బత్ బిందె మోస్కపోయేటోడు. ఆ షర్బత్ తాగినంక ఏ ఫ్రిజ్ నిలబడేది? వాళ్ల పరువు కోసం మా నాయిన చేతి పని పోగొట్టిండ్రు. గిది ఎవలికి చెప్పినా నవ్వుతరు. నేను గూడ నవ్వుకుంటనే చెప్తున్న గని, గొంతుల ఇంకా చేదు దిగలే.

ఇప్పుడు మా ఊర్ల కివి పండ్లు బండ్ల మీద అమ్ముతుండ్రు. డెంగీ జరమొచ్చినోళ్లు తినాల్నట. పోయినేడు నాయినకు జరమొస్తే నేను గూడ కొన్న. పొట్టు తీసి, ముక్కలు చేసి, గిన్నెల పెట్టిచ్చిన. పుల్లపుల్లగ, తియ్యతియ్యగ ఉన్నది. నాయిన ఒక ముక్క నమిలి, నా దిక్కు జాలిగ చూసిండు.

"బిడ్డా, నిన్ను మోసం జేసిండ్రు. గిది కివి గాదు."

బండోనితోని, బస్ కండక్టర్‌తోని, కట్టుకున్నోనితోని ఎవ్వలతోనైనా ఉన్నదున్నట్టు మాట్లాడి కొట్లాడే మనిషిని నేను. నువ్వు చేసింది ఉత్త ఎసెన్సు నీళ్లని నోటిదాక వచ్చింది. ఆయన ఇంకా నా దిక్కు జాలిగనే చూస్తున్నడు. ఇన్నేండ్లు ఆఫీసర్లను తిట్టిన నోటితోనే "అవు నాయినా, నువ్వు చేసిందే అసలు కివి" అన్న. ఆయన తల ఊపి, గిన్నె తన దిక్కు జరుపుమన్నడు.