రంగు షెడ్డు బయట అమ్మమ్మ

నా చిన్నప్పుడు మా మావయ్య ఇంటికొస్తుంటే మనిషి కంటే ముందు వాసన వచ్చేది. రంగులో కలిపే థిన్నర్ వాసన. స్నానం చేస్తే గానీ వంటింట్లో అడుగుపెట్టొద్దని అమ్మమ్మ రోజూ గుమ్మంలోనే కేకలేసేది. నాకు మాత్రం ఆ వాసన భలే ఇష్టం. ఇప్పటికీ ఎక్కడైనా కార్లకి రంగులేసే షెడ్డు పక్కనుంచి వెళ్తుంటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. పక్కనున్నవాళ్ళు ఏమనుకుంటారోనని మళ్ళీ కదులుతాను.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. నాన్న గల్ఫులో పనిచేసేవాడు కాబట్టి అమ్మా నేనూ అమ్మమ్మగారింట్లోనే ఉండేవాళ్ళం. తాతయ్యకి కాస్త కొబ్బరితోట, కొద్దిగా వరిచేలు ఉండేవి. ఒక్కగానొక్క కొడుకు వాటిని చూసుకుంటాడని ఆయన ఆశ. మావయ్యేమో రాజమండ్రి పోయి, ఎవరో మేస్త్రి దగ్గర కార్లకి రంగులు వెయ్యడం నేర్చుకొచ్చాడు. కాలవ వంతెన అవతల, రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని రంగు చిమ్మడానికి పాత కంప్రెసరు ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. మన ఇంటా వంటా లేని పని అని తాతయ్య ఒక్క మాట అన్నారు. ఇక ఆ తర్వాత కొడుకుతో ఏ మాటా లేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని అన్నం తింటూ, పెరుగు అటు జరపమనాలన్నా అమ్మమ్మ చేత చెప్పించుకునేవాళ్ళు. నాకదంతా నవ్వులాటగా ఉండేది. మధ్యలో అమ్మమ్మ ఎంత నలిగిపోయిందో ఈ వయసొచ్చాక తెలుస్తోంది.

తాతయ్య మొండిమనిషే గానీ మనసు లేనివారు కాదు. రోజూ సాయంత్రం వంతెన దాకా నడిచివెళ్ళి, అక్కడ నిలబడి షెడ్డు వైపు చూసి తిరిగొచ్చేవారు. ఎక్కడికెళ్ళారంటే చల్లగాలికి అనేవారు. చుట్టూ కొబ్బరిచెట్లున్న ఇంట్లో గాలికేం కరువు! అమ్మమ్మ నవ్వు దాచుకోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఒక ఏడు మా ఊరి రైసుమిల్లు ఆయన తన అంబాసిడర్ కారుని మావయ్యకి అప్పగించాడు. అప్పటిదాకా మావయ్య చేసినవన్నీ చిల్లర పనులు, ఒక డోరు, ఒక మడ్‌గార్డు, అంతే. కారు మొత్తం చెయ్యడం అదే మొదలు. అందులోనూ నేరేడుపండు రంగు కావాలన్నాడాయన. ముదురు రంగులో ఏదీ దాగదు. నిగనిగలాడితే అద్దమే, లేదంటే ప్రతి గీతా పదిమందికీ కనపడుతుంది.

మొదటిసారి వేసిననాడు మబ్బు పట్టింది. మా కోనసీమ గాలిలోనే తడి ఉంటుంది కదా, ఆ తడికి రంగు మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర కమ్మింది. అంతా నీళ్ళు పోస్తూ వాటర్‌ పేపరనే గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ మొదలెట్టాడు. రెండోసారి సరిగ్గా బానెట్టు మధ్యలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక మిగతా సగం వేస్తే నడిమధ్య అతుకులాగా చార పడింది. ఆఖరి పూత ఎత్తుకుంటే మధ్యలో ఆపకూడదని, చెయ్యి ఆగిన చోటు తెలిసిపోతుందని ఆరోజు మా ఇంటిల్లిపాదికీ తెలిసింది. ఇంకోసారి రంగు వడగట్టడానికి గుడ్డ కావాలంటే అమ్మ తన బండారులంక నేతచీర ముక్క ఇచ్చింది. మెత్తగా ఉంటుంది కదా అని అమ్మ ఉద్దేశం. ఆ ముక్క నూగంతా రంగులోకి దిగి డోరు నిండా మొటిమల్లా తేలింది. పాపం, అమ్మకి చీవాట్లు పడ్డాయి. అమ్మమ్మ తన నైలాన్ చీర ఒకటి చించి ఇచ్చి తగువు తీర్చింది.

చివరికి మంచి ఎండ కాసిన రోజు ఒకటి దొరికింది. పొద్దున్నే అమ్మమ్మ షెడ్డుకి కాఫీ పట్టుకెళ్తూ నన్నూ తీసుకెళ్ళింది. డోర్లూ, బానెట్టూ, డిక్కీ తలుపూ అన్నీ విప్పి, దూలాలకి తాళ్ళతో వేలాడదీసి ఉన్నాయి. దుమ్ము లేవకుండా మావయ్య నేలంతా నీళ్ళు చల్లుతున్నాడు. గుమ్మానికి తడి గోనెపట్టా కట్టాడు. అమ్మమ్మ కాఫీగ్లాసు చేతికిస్తూ, నాన్నగారు సాయంత్రం వచ్చి చూస్తారట అంది. మావయ్య గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు. నిజంగా అన్నారా అని అమ్మమ్మనీ అడిగాడు, నన్నూ అడిగాడు. నిజంగానే అన్నారు. పళ్ళు తోముకుంటూ, ఎవరితోనూ కాకుండా నూతితో చెబుతున్నట్టు అన్నారు. నేనూ విన్నానని చెప్పాను. మావయ్య మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం తాతయ్య భోంచేసి, మావిడికాయ పప్పు బావుందని చెప్పి, వసారాలో మంచం మీద నడుం వాల్చారు. కాసేపటికి అమ్మ ఏదో అడగడానికి వెళ్ళి పిలిస్తే పలకలేదు. ఊళ్ళో డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు. తాతయ్య చెయ్యి పట్టుకుని చూసి, ఆ చెయ్యిని మెల్లిగా మంచం మీద పెట్టేశారు. ఆయన నోరు విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

అమ్మ గొంతెత్తబోతే అమ్మమ్మ తన అరచేత్తో అమ్మ నోరు మూసింది. పిల్లాడికి చెప్పేదాకా ఈ ఇంట్లోంచి ఏడుపు వినపడకూడదంది. ఎవరినైనా పంపిద్దామని ఇరుగుపొరుగు అంటే, నేనే వెళ్తానంది. మొగుడి శవాన్ని వదిలి ఇల్లాలు వీధిలోకి వెళ్ళడమేమిటని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. చెప్పులు కూడా వేసుకోలేదు. రోడ్డు మీద తారు కాలిపోతోంది, ఆవిడ చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

మేం వెళ్ళేసరికి కంప్రెసరు దడదడలాడుతోంది. గోనెపట్టా వెనక రంగు చిమ్మే గన్ను బుస్సుమంటోంది. అంతలోకి ఆ బుస ఆగింది. పూతకీ పూతకీ మధ్య కాస్త ఆరనివ్వాలి, అప్పుడు మావయ్య గన్ను పక్కన పెట్టి ఆఖరి పూతకి రంగు పల్చగా కలుపుకుంటాడు. చెప్పాలంటే అదే సమయం. అమ్మమ్మ పట్టా ఎత్తడానికి చెయ్యి వేసింది. లోపల మావయ్య కూనిరాగం తీస్తున్నాడు. పాటంటూ ఏమీ లేదు, మాటలు రాక ఊఁ ఊఁ అని సాగదీస్తున్నాడు, మధ్యలో తనలో తానే నవ్వుకుంటున్నాడు. అమ్మమ్మ చెయ్యి పట్టా మీద అలాగే ఉండిపోయింది. తర్వాత దించేసుకుంది. పక్కనే పడున్న పాత టైరు మీద కూర్చుని నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ తాతయ్య అలా పడుకుని ఉంటే ఈవిడ ఇక్కడ కూర్చుంటుందేమిటి? మావయ్యా అని అరవబోయాను. ఆవిడకి తెలిసినట్టుంది, నా వీపు మీద చెయ్యి వేసి గట్టిగా అదుముకుంది. లోపల మళ్ళీ గన్ను అందుకుంది. ఈ చివర్నుంచి ఆ చివరకి, ఆ చివర్నుంచి ఈ చివరకి, ఆ బుస వింటే చెయ్యి ఎంత నిదానంగా నడుస్తోందో తెలిసిపోతోంది.

ఇంతలో పక్కింటి బాబాయిగారు సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. "ఇంకా చెప్పలేదాండీ పిన్నిగారూ?" అని లోపలికి పోబోయారు. అమ్మమ్మ చెయ్యి అడ్డంపెట్టింది.

"ఆఖరి పూత వేస్తన్నాడు. కానివ్వండి" అంది.

ఆయన ఆవిడ మొహం కేసి చూసి, "ఆయ్" అని, సైకిలు స్టాండు వేసి చేతులు కట్టుకుని నిలబడిపోయారు. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు. అరగంట పైనే అని బాబాయిగారు ఆ తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. అంతసేపూ అమ్మమ్మ కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు.

గన్ను ఆగింది. మావయ్య ముక్కుకి కట్టుకున్న తుండుగుడ్డ కిందికి లాక్కుంటూ పట్టా ఎత్తాడు. కనుబొమల మీదా జుట్టు మీదా నేరేడు రంగు తుంపర. తల్లిని చూడగానే చంటిపిల్లాడిలా నవ్వాడు. "రామ్మా రా, ముట్టుకోకు, దూరం నించే చూడు" అని లోపలికి తీసుకెళ్ళి బానెట్టు ముందు నిలబెట్టాడు. "నీ మొహం కనపడతందా?"

కనపడింది. నా మొహమూ కనపడింది. అమ్మమ్మ మొహం, ముక్కుపుడక, నుదుటి మీద కాసంత కుంకంబొట్టు, వెనక వీధిలో కొబ్బరాకులు కూడా తేటగా కనపడ్డాయి. ఆవిడ చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. బాగా వచ్చిందిరా నాన్నా, చాలా బాగా వచ్చింది అంది. మావయ్య అటూ ఇటూ చూసి, నాన్న ఇంకా రాలేదేం, ఎండ తగ్గాక వస్తానన్నారా అని అడిగాడు. అమ్మమ్మ తన కొంగుతో కొడుకు మొహం తుడిచింది. కూజాలో నీళ్ళు వంచి ఇచ్చి తాగేదాకా చూసింది. గ్లాసు తన చేతిలోకి తీసుకుంది.

"నాన్నగారు పోయేరురా" అంది.

మావయ్య మొహంలో నవ్వు వెంటనే పోలేదు. ఆ నవ్వుతోనే ఆవిడ కేసి, నా కేసి, బాబాయిగారి కేసి చూశాడు. మా మొహాల్లో అది నిజమని కనపడ్డాక ఆ తడినేల మీదే కూలబడ్డాడు. కంప్రెసరు బాబాయిగారే ఆపారు. ఇంటికొచ్చి కొడుకు తండ్రి కాళ్ళ మీద పడ్డాక అప్పుడు ఏడ్చింది అమ్మమ్మ. ఆ ఏడుపు వంతెన అవతలకి వినపడి ఉంటుంది.

పదోనాడు ఆవిడ బొట్టు తీసేశారు. తర్వాత ఇంట్లో అద్దం కేసి ఆవిడ చూడగా నేను చూడలేదు. ఆ బానెట్టు ముందు అంతసేపు ఎందుకు నిలబడిందో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.

కర్మలన్నీ అయ్యాక మావయ్య తల్లి మీద విరుచుకుపడ్డాడు. అన్నాళ్ళూ లోపల దాచుకున్నాడేమో, ఒక్కసారిగా తెగింది.

"నాన్న అక్కడ అలా ఉంటే నేను పాటలు పాడుకున్నానమ్మా. ఒక్క కేకేస్తే అన్నీ పారేసి వచ్చేవాణ్ణి కాదా? రంగు పోతే పోయేది."

"రంగు కోసం కాదురా. నాన్నగారు వచ్చి చూస్తారని పాడుకుంటన్నావు. ఇంకాసేపు నాన్న ఉన్నవాడిలాగా ఉండనిద్దామని ఆగేను. నాకెలాగూ అయిపోయింది. నీకింకా అవ్వలేదు కదా."

మావయ్య తల్లి పక్కన కూలబడి ఆవిడ మోకాలి మీద తల పెట్టుకున్నాడు. ఆ మాట మనసారా ఒప్పుకున్నాడో లేదో చెప్పలేను. ఆ కారు చూసి అమలాపురం, రాజోలు నుంచి కూడా బళ్ళు వచ్చాయి, మావయ్య చేతి నునుపు ఇంకెవరికీ రాదని పేరొచ్చింది. కానీ పనిలో ఉండగా మావయ్య కూనిరాగం నేను మళ్ళీ వినలేదు.

ఏళ్ళ తర్వాత మా ఆయన దుకాణంలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారని నాకు ఫోనొచ్చిన రోజున, నా కూతురు లోపలి గదిలో స్నేహితురాలికి కాలేజీ సంగతేదో చెబుతోంది. చెబుతూ చెబుతూ తనే పడీపడీ నవ్వుతోంది. నేను గుమ్మంలో నిలబడిపోయాను. వెళ్ళి చెప్పవేమని మా ఆడపడుచు వెనక నుంచి నన్ను పొడుస్తోంది. నేను కదల్లేదు. నా పిల్ల ఆ కబురంతా చెప్పి, కడుపుబ్బ నవ్వి, కళ్ళు తుడుచుకునే దాకా గోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగమ్మా అన్నాను. ఎందుకాగావని అది నన్ను ఇంతవరకూ అడగలేదు. అడిగితే అమ్మమ్మ చెప్పిందే చెబుతాను.