ఎర్తు బోల్టుకు బొట్టు

కౌసల్య చేతికి సోల్డరింగ్ ఐరన్ మొదటిసారి అందింది పటాన్‌చెరులో ఒక టీవీల ఫ్యాక్టరీలో. పదకొండేళ్లు ఒకే బెంచీ మీద కూర్చొని ఆవగింజంత సీసపు చుక్కలతో తీగలు అతికించింది. చుక్క సరిగ్గా పడకపోతే టీవీ ఒకసారి పలుకుతుంది, ఒకసారి అలుగుతుంది. అలిగినవన్నీ సూపర్‌వైజరు ఆమె బెంచీకే పంపేవాడు. తొంభై తొమ్మిదిలో ఫ్యాక్టరీకి తాళం పడింది. చేతిలో అంత పనితనం పెట్టుకొని ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్నవాళ్లకే తెలుసు.

ఆమె భర్త అంజయ్య పటాన్‌చెరులోనే ముంబై రోడ్డు పక్కన కామరాజు షెడ్డులో మెకానిక్కు. ఎక్కడెక్కడో అరిగిపోయిన, మట్టి తవ్వే ప్రొక్లెయిన్లు మళ్లీ అమ్ముడుపోయి, బాగుకోసం అక్కడికి వచ్చేవి. ఇంజనైనా పంపైనా అంజయ్య చెవితోనే రోగం పట్టేవాడు. కానీ రెండువేల తర్వాత వచ్చిన బండ్లకు కంప్యూటరు బుర్రలు మొలిచాయి. డ్రైవరు ముందు చిన్న తెర, బండికి ఎక్కడ నొప్పి పుట్టినా దాని మీద ఒక నంబరు. దాన్ని కోడు అంటారు. కోడు కనబడితే చాలు, అంజయ్యకు ముచ్చెమటలు పట్టేవి. కామరాజు నగరం నుంచి ల్యాప్‌టాప్ ఇంజనీరును పిలిపించేవాడు. ఆ మహానుభావుడు ఇవ్వాళ అంటే ఎల్లుండి వచ్చేవాడు.

ఒకరోజు టిఫిన్ డబ్బా తెచ్చిన కౌసల్య, బండి పక్కన వేలాడుతున్న తీగల కట్ట చూసి ఆగిపోయింది. తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టారు. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది. ఇంటికి పోయి ఐరన్ తెచ్చి అతికిస్తే తెర మీద కోడు పోయింది. అప్పట్నుంచి వైర్ల పని ఆమెదే. బండ్ల కంపెనీ పుస్తకం నుంచి తీయించిన జిరాక్సు కాగితాల్లోని కోడులన్నీ పిల్లల ఎక్కాల్లా బట్టీపట్టింది. అయినా డ్రైవర్లకు ఆమె మెకానిక్కు కాదు, అంజయ్య పెండ్లామే. బండి బాగైతే దండం అంజయ్యకు పెట్టేవారు. పైకి నవ్వేది గానీ, ఆ సంగతి ఆమెను లోపల ముల్లులా గుచ్చేది.

రెండువేల ఆరు దసరా దాటిన వారానికి నర్సింహులు బండి వచ్చింది. నర్సింహులుది పోతిరెడ్డిపల్లి. పన్నెండేళ్లు ఊరివాళ్ల బండ్లు నడిపి, సొంతంగా మొదటిసారి కొనుక్కున్న పాత బండి అది. తెర మీద పంపు ఒత్తిడి కోడు, బండిది నత్తనడక. కాగితంలో ఉన్న ప్రకారం కౌసల్య ఒత్తిడి చూసే సెన్సరు మార్చింది. కోడు పోయింది. మర్నాడు పనిలో, పదిమంది ముందు, బండి మళ్లీ నత్తనడక పట్టింది. అదే కోడు. బండికి దిష్టి తగిలిందని నర్సింహులు తేల్చేశాడు. దిష్టి బండికి కాదు, ఆడమనిషిని షెడ్డులోకి రానిచ్చిన కామరాజు బుద్ధికి తగిలిందని మిగతా డ్రైవర్లు తేల్చారు.

కామరాజు చెడ్డవాడు కాదు, పదిమంది మాట వింటే జంకే మనిషి. ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

"రేపు పన్నెండింటికి ఇంజనీరొస్తడు. గప్పటిదాంక సూడు. కాకుంటే ఇగ వైర్ల జోలికి పోకు కౌసల్యా, సామాన్లు కడుగుడు సాలు."

సామాన్లు కడగడమంటే డీజిల్ డబ్బాలో బోల్టులు వేసి బ్రష్షుతో రుద్దడం. ఇంకోసారి తన చేతిపని తననుంచి గుంజుకుంటున్నారని కౌసల్యకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవలేదు. మర్నాడు ఎనిమిదింటికే వచ్చి, తీగల కట్ట మొత్తం వేలితో తడుముతూ పోయింది. ఎక్కడా తెగలేదు, ఎక్కడా నలగలేదు. పది దాటింది. అంజయ్య చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు.

పదకొండింటికి కామరాజు బండిని నీడలోకి జరపమన్నాడు. వెనక్కి తీస్తుంటే ఒక మేక అడ్డం వచ్చింది. నర్సింహులు హారన్ కొట్టాడు. తెర మీద కోడు మారింది.

పంపుకు, హారన్‌కు ఏం చుట్టరికం? కౌసల్య జెర మళ్లీ కొట్టమంది. ఈసారి ఇంకో కోడు, దేనికీ సంబంధం లేనిది. మేక ఎప్పుడో పోయింది గానీ నర్సింహులు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఆమెకు టీవీ ఫ్యాక్టరీ గేటు గుర్తొచ్చింది. బండిలోకి పోయిన కరెంటు తిరిగి బ్యాటరీకి రావాలి, ఆ తిరుగుదారినే ఎర్తు అంటారు. షిఫ్టు వదిలినప్పుడు చిన్న గేటు దగ్గర జనం తొక్కుకున్నట్టు, దారి ఇరుకైతే హారన్ కరెంటు, సెన్సర్ల కరెంటు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. రోగం పంపుది కాదు, గేటుది. లావు తీగ ఒకటి తెచ్చి, బండి బుర్ర నుంచి నేరుగా బ్యాటరీకి కలిపి, హారన్ కొట్టమంది. కోడు రాలేదు.

ఇక తిరుగుదారి తీగను బండి ఇనుముకు బిగించే ఎర్తు బోల్టు ఒక్కటే మిగిలింది. పొద్దున్నుంచి ఆమె దాన్ని పదిసార్లు చూసింది. పసుప్పచ్చగా, కొత్తదానిలా మెరుస్తుంటే ఎవరు అనుమానిస్తారు? చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టయింది. పానా పెట్టి విప్పితే, తీగకు ఇనుముకు మధ్య కరెంటును అడ్డుకుంటూ మందంగా రంగు.

నర్సింహులును పక్కకు పిలిచి, దసరాకు బండికి రంగెవరు వేశారని మెల్లగా అడిగింది.

"నేనే ఏసిన వదినా," అన్నాడు మురిసిపోతూ. "ఒగరి చేతికియ్యలే. బోల్టు బోల్టు ఇప్పి, ఎనకా ముందూ ఏసిన."

అన్నాక, ఆమె చేతిలోని బోల్టు చూశాడు. ముఖం మాడిపోయింది. మొదటి బండి మీద అంత ప్రేమ పెట్టుకున్నవాణ్ణి ఏమని తిడతాం? కౌసల్యకు కోపం రాలేదు, జాలి వేసింది. గరుకు కాగితంతో ఇనుము తెల్లబడేదాకా ఇద్దరూ రుద్దారు. బోల్టు బిగించి, తుప్పు పట్టకుండా గ్రీజు రాసింది. మళ్లీ దసరా వస్తుంది, మళ్లీ రంగు వేస్తాడు. కాసేపు ఆలోచించి, బండిలో దేవుడి పటం దగ్గరున్న కుంకుమ తీసి ఆ బోల్టు మీద బొట్టు పెట్టింది.

"బొట్టున్నకాడ రంగెయ్యకు," అంది. "ఏడాదికోపారి తుడిచి, కొత్త బొట్టు పెట్టు."

పన్నెండున్నరకు ఇంజనీరు వచ్చాడు. ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే కోడు ఒక్కటీ లేదు. రోగమేమిటని కామరాజు అడిగితే, ఎర్తు సరిగా అంటలేదని మాత్రమే చెప్పింది కౌసల్య. రంగు సంగతి ఎత్తలేదు. నర్సింహులే ఉండబట్టలేక, తప్పు తనదని షెడ్డంతా వినబడేలా చెప్పేశాడు. కామరాజు డీజిల్ డబ్బాను ఆమె బల్ల దగ్గర నుంచి తీసి దూరంగా పెట్టాడు.

మూడేళ్లు గడిచాయి. జహీరాబాద్ దిక్కు నుంచి ముక్కూమొహం తెలియని డ్రైవరొకడు బండి తెచ్చాడు. ఇంజను పని అయిపోయాక, రంగు వేసే పిలగాళ్లను ఆపి కేకేశాడు.

"గా ఎర్తు బోల్టు బొట్టు మీద ఎయ్యకుండ్రి. రివాజది. గీ పటాన్‌చెరులనే ఎవరో మేస్త్రి పెట్టిండట. పెద్ద పనోడట."

కౌసల్య చేస్తున్న పని ఆపి తల ఎత్తింది. అంజయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి, పనోడు కాదు, గీమెనే, అని వేలు చూపించాడు. డ్రైవరు ఆమెను, ఆమె చేతిలోని ఐరన్‌ను మార్చి మార్చి చూశాడు. తర్వాత క్యాబిన్ ఎక్కి కుంకుమ పొట్లం తెచ్చి ఆమె ముందు పట్టాడు.

"పాతది చెదిరింది మేస్త్రీ," అన్నాడు. "నీ చేత్తోనే పెట్టు."