బెత్లెహేములో థర్మాకోల్ మంచు

నిన్న టౌనులో మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. అట్టపెట్టె కోస్తే లోపలినుంచి కీచుమంటూ థర్మాకోల్ దిమ్మలు. అవి విరిగి పూసలన్నీ నా చీర కుచ్చిళ్ళకీ, చేతులకీ, ఆఖరికి కళ్ళద్దాలకీ అంటుకున్నాయి. దులిపితే పోతాయా? ఈ చేతి మీదనుంచి ఆ చేతి మీదకి దూకుతాయి. మా ఆయన దూరంగా నిలబడి చూస్తావుంటే, మళ్ళీ మంచు కురిపిస్తారా ఏందని అడిగినాను. పాపం, పోయి చీపురు తెచ్చినారు. ఆయనకీ అత్తమ్మే గుర్తొచ్చివుంటుంది.

మాది కోట మండలంలో ఒక పల్లె. ఇటు వరి చేలు, అటు రొయ్యల గుంటలు, ఆపైన సముద్రం. డిసెంబరులో కూడా మధ్యాహ్నం మాడు మాడిపోయే ఊరు. మంచు అంటే తెల్లవారి గడ్డి మీద ఉండే తడే తప్ప ఇంకో మంచు మా తాతల కాలంనుంచీ ఎవరూ ఎరగరు. అయినా క్రిస్మస్ కార్డుల్లో మంచు ఉంటుంది గదా, మన బెత్లెహేముకి ఎందుకు ఉండకూడదని ఒక ఏడు మా ఆయనకి బుద్ధి పుట్టింది. కొత్త టీవీతో వచ్చిన థర్మాకోల్‌ని ఆయనే అత్తమ్మ కొబ్బరి కోరు మీద పెట్టి కోరినారు. చర్చిలో బెత్లెహేమని కట్టిన పశువుల పాక మీద, తొట్టిలో, గొర్రెల వీపుల మీద అంతా చల్లినారు. అందంగానే ఉంది, అబద్ధమెందుకు. పిల్లలు చప్పట్లు కొట్టినారు, పాస్టరుగారు ఫొటో తీసుకున్నారు. అత్తమ్మ మాత్రం కోరు పళ్ళల్లో ఇరుక్కున్న పూసలు పిన్నీసుతో తీసుకుంటూ, ఈ పండక్కి కజ్జికాయలు లేవు పొమ్మన్నది.

ఆ పాకకి గడ్డి ఇచ్చేది చర్చి పక్క చేను రైతు. వాళ్ళు హిందువులు. మా అత్తమ్మని అక్కా అని పిలిచేవాడు, అందుకని మా ఇంట్లో అందరికీ ఆయన మామ. పండగ ముందు తన వామిలోనుంచి గడ్డి తెచ్చి వేసేవాడు. పండగైనాక అదే గడ్డి తిరిగి తీసుకపోయి, చూలుతో ఉన్న ఆవుకి వేసేవాడు. దేవుడు పుట్టిన గడ్డి తింటే సుఖంగా ఈనుతుందని ఆయన నమ్మకం. బైబిల్లో ఎక్కడా లేదనుకోండి, అయినా మా పాస్టరుగారు కూడా ఎప్పుడూ వద్దనలేదు. ఆ ఏడు మామకి ఆ గడ్డి మరీ అవసరం. అంతకుముందు ఏడు ఆవు ఈనలేక దూడతో సహా పోయింది. మిగిలింది దాని ముందు ఈత పెయ్య ఒక్కటే, అదీ తొలిచూలు, ఇవాళో రేపో అన్నట్టుంది.

పండగ మర్నాడు మామ మోకు పట్టుకొని వచ్చి, గడ్డిని చూసి నిలబడిపోయినాడు. పోచ పోచకీ తెల్లపూసలే. వామిలో మంచి గడ్డి ఉంది గదా మామా, ఈ ఏటికి అది వెయ్యి అన్నారు మా ఆయన. మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు అత్తమ్మ కొంగు దోపుకొని కింద కూర్చున్నది.

"ఉత్త గడ్డి కావాల్సినోడైతే మోకు పట్టుకొని ఇక్కడికెందుకొస్తాడ్రా?" అన్నది కొడుకుతో. తర్వాత మామ వైపు తిరిగి, "సాయంత్రానికి తీసుకపో అబ్బయా. ఒక్క పూస కూడా దాని కడుపులోకి పోనియ్యను" అన్నది.

చర్చి ఆవరణలోకి గడ్డి మోసుకొచ్చి దులిపితే పూసలు రాలలేదు. రాలినవి సముద్రపు గాలికి లేచి మళ్ళీ గడ్డిలోనే పడినాయి. ఇంక పోచ పోచా చేతిలోకి తీసుకొని తుడవాల్సిందే. ఆమెని చూసి నేను కూర్చున్నాను, నన్ను చూసి మా ఆయన, ఎవరూ పిలవకుండానే వీధిలో ఆడవాళ్ళు. మామ కూడా ఇంటికి పోకుండా మాతోనే కూర్చున్నాడు. కీర్తనలు పాడుకున్నాము, మా ఆయన్ని తిట్టుకున్నాము, మిగిలిన కేకు తిన్నాము. పొద్దుగూకేసరికి ఒక్క మోపు తయారైంది. కాపురానికొచ్చి అన్నేళ్ళయినా అత్తమ్మంటే నాకు భయమే ఉండేది. ప్రేమ పుట్టింది ఆ పూటే.

పెయ్య ఆ వారంలోనే ఈనింది. గడ్డి వల్లనా అంటే నాకు తెలియదు. తెల్లారకముందే మామ జున్నుపాల చెంబుతో మా గుమ్మంలో ఉన్నాడు. "అక్కా, ఆడదూడ" అన్నాడు, చెంబు చేతికిస్తూ. అత్తమ్మ ఆ పాలు కాచి, గడ్డి తుడిచినవాళ్ళందరికీ జున్ను పంచింది. మరుసటేడునుంచి మా బెత్లెహేములో మంచంటే వరి పేలాలు. పండగైనాక పిల్లలు కొంత తినేవాళ్ళు, కోళ్ళు కొంత తినేవి, మిగిలింది గడ్డితోపాటు మామ ఆవులకి పోయేది.

అత్తమ్మ పోయి కొన్నేళ్ళయింది. ఆ చర్చి వెనకే పడుకొని ఉన్నది. ఆ మహాతల్లి ఇంటికి కోడలిగా పోయినందుకు నేను దేవుడికి ఎన్ని స్తుతులు చెప్పినా చాలవు. ఇప్పటికీ పెద్దవాన పడితే, ఆ రోజు మేము కూర్చున్నచోట నీళ్ళ మీద తెల్లపూసలు తేలతాయి, అప్పుడే కోరినట్టు. ఊరికి పోయినప్పుడల్లా నేనూ మామా ఏరతానే ఉంటాము. అంత మనిషిని తనలో కలుపుకున్న మట్టి, ఇన్నేళ్ళయినా వాటిలో ఒక్కదాన్నీ కలుపుకోలేకపోయింది.