రత్నమాల విడదీయని జంట

బాలానగర్‌లోని రేకుల షెడ్డులో రత్నమాల పదకొండేళ్లుగా రిమోట్‌తో నడిచే కెమెరా బండ్లు బాగుచేస్తోంది. ఆమె కొట్టులో ఒక కట్టుబాటు ఉంది. కెమెరా తీసే బొమ్మను గాలిలోకి పంపే ట్రాన్స్‌మిటర్‌నూ, దాన్ని అందుకునే రిసీవర్‌నూ ఎర్రదారంతో కలిపి కట్టే ఉంచుతుంది. పరీక్షించిన జంటను విడదీసి ఎవరికీ ఇవ్వదు. కంపెనీలు వేరైతే వాటికి పొత్తు కుదరదు. ఒకే కంపెనీవైనా, ఒకదాని సాఫ్ట్‌వేర్ మారితే రెండోది దాన్ని గుర్తించదు.

ఆ మధ్యాహ్నం ఖాజాగూడ దగ్గర, వాననీటి గొట్టంలోకి దింపాల్సిన బండి తెరమీద బొమ్మ చూపడం మానేసింది. ఫోనందుకుని రత్నమాల వెళ్లేసరికి మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది. గొట్టాలు శుభ్రం చేసే రాజయ్య నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. బండి వచ్చిన ఈ రెండేళ్లలో అతడు లోపలికి దిగలేదు.

"మబ్బు పట్టింది. ఐదు నిమిషాల పనక్కా, నీళ్లకు ఏం అడ్డంపడ్డదో దిగి చూసొస్తడు," అన్నాడు సూపర్‌వైజర్.

"ఐదు నిమిషాలకైతే నువ్వే దిగు!" ఆమె మూతను ఈడ్చి మూసి, దాని మీద స్టూలు వేసుకుని కూర్చుంది.

"గిదేంది రత్నక్కా, నా ఆఫీసు మీద కూసున్నవ్?" రాజయ్య నవ్వాడు. తాడు మాత్రం విప్పలేదు.

బండి బాధ్యత చూసే హైటెక్ సిటీ ఇంజనీరు యశ్వంత్ వైపు ఆమె తిరిగింది. "నిన్న దీన్ని ఏం చేసిన్రు సార్?"

"రిసీవర్ అప్‌డేట్ అడిగిందండీ. ఓకే కొట్టేశాను."

"అడిగినవాటన్నిటికీ ఓకే అంటరా? బండిల ఉన్న ట్రాన్స్‌మిటర్ పాతదే గదా!"

ఆమె దాచుకున్న పాత సాఫ్ట్‌వేర్‌ను రిసీవర్ తీసుకోలేదు. బండిలోని ట్రాన్స్‌మిటరేమో కొత్తదాన్ని మోయలేనంత పాతది. రత్నమాల సంచిలోంచి ఎర్రదారం చుట్టిన జంటను తీసింది. కొట్టుకొచ్చే ప్రతి బండినీ దానితోనే పరీక్షిస్తుంది.

"మరి ఇది లేకపోతే మీ కొట్టు సంగతేంటండీ?" అడిగాడు యశ్వంత్.

"ఇంకో జంట దొరికేదాంక షట్టర్ దించుత."

ఆ జంటలోని ట్రాన్స్‌మిటర్‌ను బండి బ్యాటరీకి నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. మధ్యలో వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డును అతికించింది. మొదటి చినుకు ఆమె చేతి మీద పడింది. సూపర్‌వైజర్ దగ్గాడు. ఆమె తలెత్తలేదు.

రిసీవర్ తెర ఒకసారి మినుకుమని, బొమ్మ పడింది. రాజయ్య చెప్పులు కనిపించాయి.

అప్పుడు రత్నమాల లేచి స్టూలు జరిపి, మూత తీసింది. రాజయ్య నడుము తాడు విప్పి బండికి బిగించి, మెల్లగా దింపాడు. గొట్టం మలుపులో చిక్కుపడిన కేబుల్ చుట్ట తెరమీద తేలింది.

"చూడున్రి, నేను రెండేండ్లు సెలవు పెడితే ఆఫీసుల ఎవడో వైరింగ్ చేసిండు!" అన్నాడు రాజయ్య, తాడును ఇంకో జానెడు వదులుతూ.