ఆయన పెట్టుకోని దవడ పట్టీ

మా ఆయనకు బస్సులో నిద్ర పట్టేసేది. నసీనులో మా ఇంటి నుంచి మా దీవుల రాజధాని సువాలో ఆఫీసుకు రోజూ బస్సులోనే వెళ్ళేవారు. సాయంత్రం వచ్చేటప్పుడు మా స్టాపు దాటిపోయి నౌసోరి దాకా వెళ్ళేవారు. అక్కడ డ్రైవరు భుజం తట్టి లేపితే, ఎదురు బస్సెక్కి తిరిగొచ్చేవారు. మొదట్లో ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత వారానికి మూడు నాలుగుసార్లు అలా జరగడం మొదలైంది. ఒకరోజు ఆఫీసులో పెద్దాయన మాట్లాడుతుండగానే తల వాల్చేశారట. ఆ సంగతి నాకు చెప్పడానికి ఆయనకు పది రోజులు పట్టింది.

గురక పెళ్ళయినప్పటి నుంచీ ఉంది. అది ఉన్నట్టుండి ఆగిపోయేది. ఊపిరి కూడా ఆగేది. పక్కన పడుకుని నేను లెక్కపెట్టేదాన్ని. ఇరవై, ఒక్కోసారి ముప్పై. అప్పుడు నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలినట్టు ఒక్కసారి ఊపిరి తీసుకునేవారు. అది జబ్బని మాకు తెలియదు. పొద్దున్నే బడికి వెళ్ళి నలభైమంది పిల్లలకు పాఠం చెప్పాలి, నిద్ర లేకపోతే ఎలా అని నేను పక్కగదిలోకి మారిపోయాను. ఆరేళ్ళు అక్కడే పడుకున్నాను. ఆ ఆరేళ్ళూ ఆయన ఊపిరిని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆయన రిటైరయ్యాక, రక్తపోటుకు మందులిచ్చే డాక్టరు అనుమానపడి, వేలికీ ఛాతీకీ తీగలు కట్టి పరీక్ష చేయించాడు. నిద్రలో గొంతు మూసుకుపోతోందని, గుండె అప్పటికే అలిసిపోయి ఉందని చెప్పాడు. ముక్కుకు తొడుగు పెట్టి గాలి పంపే మషీన్ ఇచ్చారు. అది పెట్టుకున్న మూడో రోజు పొద్దున ఆయన వంటింట్లోకి వచ్చి, తెల్లవారిందని తనకు తెలియనే లేదని చెబుతూ నిలబడ్డారు. ముఖం కడిగిన గాజులా ఉంది. నేను మళ్ళీ మా గదిలోకి వచ్చేశాను.

కాని తుఫాను వచ్చిందంటే మాకు వారాల తరబడి కరెంటు ఉండదు. అలాంటప్పటికి అక్కరకొస్తుందని డాక్టరు మమ్మల్ని పళ్ళ డాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ ఆయన పళ్ళకు అచ్చు తీసి ఆస్ట్రేలియా పంపించింది. నెల తర్వాత నీలం డబ్బాలో దవడ పట్టీ వచ్చింది. పైపళ్ళకొకటి, కిందిపళ్ళకొకటి. రెండూ కలిపి పెట్టుకుంటే కిందిదవడ ముందుకొచ్చి గొంతులో దారి తెరుచుకుంటుంది. మషీన్ అంత పని చెయ్యదని, ఏమీ లేకపోవడం కంటే మేలని, పగలు కునుకు తీసినా పెట్టుకోవాలని ఆవిడ మరీ మరీ చెప్పింది. ఆయనేమో అద్దంలో చూసుకుని, కట్టుడు పళ్ళు పెట్టుకున్న ముసలి గుర్రంలా ఉన్నానన్నారు. పొద్దున తీశాక దవడ పట్టేసేది. పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసేవి కావు. మధ్యాహ్నానికి గాని మాట తేటపడేది కాదు.

ఆయన మాట తేటగా ఉండడం మాకు చిన్న విషయం కాదు. మేం నవాకా చెరకు పొలాల్లో పెరిగినవాళ్ళం. ఈ దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన నాడు బడి ముందు వరసలో నిలబడి జెండా చూసిన పిల్లల్లో ఇద్దరమూ ఉన్నాం. ఇంట్లో, వీధిలో మాది హిందీయే. చెరకు కూలికి ఓడల్లో వచ్చిన తాతల తెలుగు మా పెద్దవాళ్ళతోనే పోతూ వచ్చింది. ఆయనకు మాత్రం వాళ్ళ నాన్న పాటలన్నీ నేర్పారు, అక్షరాలు దిద్దించారు. పెళ్ళయ్యాక ఆయన నాకు దిద్దించారు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

పక్క దీవిలో, సెయంగంగాలో చెరకు వేసే మా మరిది కూతురి పెళ్ళికి ఓడెక్కి వెళ్ళాం. ఆ పొలాల దగ్గర కరెంటు లేదు. జెనరేటరు వంటయ్యేదాకా నడిపి ఆపేస్తారు. అందుకని మషీన్ ఇంట్లో ఉంచి నీలం డబ్బా పట్టుకెళ్ళాం.

మర్నాడు పొద్దున గౌరీపూజ. హారతి పాట అన్నయ్యే పాడాలని మా మరిది పట్టుబట్టాడు. ఆయన మొదలుపెట్టారు. దవడ కదలడం లేదు. మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, సగం పళ్ళ మధ్యనే ఉండిపోయాయి. పెళ్ళికొడుకు తరఫు మనిషి ఒకడు నవ్వుతూ అడిగాడు.

"కాకా, రాత్రి నంగోనా జాస్తీ అయిందా?"

నంగోనా అంటే వేరు దంచి కలిపిన నీళ్ళు, తాగితే నాలుక మొద్దుబారుతుంది. అందరూ నవ్వారు. ఆయన జీవితంలో ఆ గిన్నె ముట్టలేదు. ఆ పూట పాట ముగించకుండానే పళ్ళెం కింద పెట్టేశారు.

మరుసటి సాయంత్రం పెళ్ళికూతురికి పసుపు రాస్తారు. దానికీ పాటలున్నాయి. ఆ రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన వరండాలో చాప మీద పడుకున్నారు. నేను డబ్బా తీసుకుని వెళ్ళాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇవాళ ఒద్దు. సాయంత్రం పాడాల. నోరు ఖాలీ ఉండాల."

"డాక్టరమ్మ ఏమి చెప్పింది?"

"ఏక్ ఘంటా, అంతే. నాన్న పాట అది. ఇట్లా పాడితే ఆయనకి నామోషీ."

నేను సరేనన్నాను. నిజం రాయాలంటే, నాకు సంతోషం వేసింది కూడా. నిన్న నవ్విన వాళ్ళు ఇవాళ ఆయన గొంతు వినాలని నాకు చాలా ఉంది. డబ్బా మూసి సంచిలో పెట్టి, వెనక పూరీలు ఒత్తుతున్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

గురక అక్కడికి వినిపించింది. ఆడవాళ్ళు నవ్వారు. నాకు సిగ్గేసింది. కాసేపటికి గురక ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఆ నిశ్శబ్దం పక్కన పడుకున్నదాన్ని, అది ఎలాంటిదో ఆ ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ రోజు లెక్కపెట్టలేదు. పూరీ ఒత్తుకుంటూ కూర్చున్నాను.

టీ ఇవ్వడానికి వెళ్ళిన మా తోటికోడలు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, భయ్యా లేస్తాలేడు," అంది.

క్యారియర్ లారీ వెనక పరుపు వేసి, గతుకుల దారిలో లంబాసా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆయన తల నా ఒడిలో ఉంది. ప్రతి గతుక్కీ నోరు తెరుచుకుంటుంటే గడ్డం కింద చెయ్యి పెట్టి మూస్తూ వచ్చాను. దారిలోనే అర్థమయింది, అయినా లారీ ఆపమని చెప్పలేదు.

అక్కడి డాక్టరు చిన్నవాడు. గుండె ఆగిందన్నాడు. పట్టీ పెట్టుకుని ఉంటే బతికేవారా అని అడిగాను. అతను నా పక్కన బెంచీ మీద కూర్చుని హిందీలో నిదానంగా చెప్పాడు. అంత అలిసిన గుండె ఎప్పుడైనా ఆగవచ్చట. ఒక్క గంట కునుకుతో తేడా వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరట. తప్పు నా మీద వేసుకోవద్దన్నాడు. మంచి మనసుతో అన్నాడు. కాని చెప్పలేరన్న ఆ మాటే నాతో ఇంటికొచ్చింది.

పెళ్ళి నెల తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. మషీన్ డాక్టరుకిచ్చేశాను. ఇప్పుడు దాన్ని వేరెవరో వాడుతున్నారట. దవడ పట్టీ కూడా తీసుకుంటారేమో అని పళ్ళ డాక్టరమ్మను అడిగాను. అది ఆ పళ్ళకు తప్ప మరెవరికీ పట్టదని చెప్పి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

చూడవచ్చినవాళ్ళందరూ ఒకటే అన్నారు. అదృష్టవంతుడు, బాధ లేకుండా నిద్రలో పోయాడని. వాళ్ళకు టీ ఇచ్చి, అవునన్నట్టు తలూపి, కప్పులు కడగడానికి లోపలికి వెళ్ళేదాన్ని. ఆయన నిద్ర ఎలాంటిదో వాళ్ళకెవరికీ తెలియదు.