ఏ మనిషీ లేని సాక్ష్యం

కొత్త చింతపండు వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది, నాకు మాత్రం ఒక మనిషి గుర్తొస్తుంది. మొన్న షాద్‌నగర్‌లో, నేను కొత్తగా నర్సుగా చేరిన దవాఖాన ఎదుట, ఒకామె గోనెపట్టా పరిచి చింతపండు కుప్ప పోసుకుని కూర్చుంటే, డ్యూటీకి ఆలస్యమవుతున్నా అక్కడే నిలబడిపోయాను. చిన్నప్పుడు మా పక్కింటి బాలమణత్త చేతులు అచ్చం ఆ వాసనే వచ్చేవి.

పాలమూరు దిక్కు మా ఊళ్లో ఎండాకాలమంటే చింతపండు కాలమే. ఏ వాకిట్లో చూసినా కాయల కుప్పలు, పెంకు ఊడదీసేవాళ్లు, బండమీద పెట్టి ఇనుప కడ్డీతో టకటకా గింజ కొట్టేవాళ్లు. పిల్లలం ఆ గింజలేరి, నేలకేసి సగానికి అరగదీసి అష్టాచెమ్మా ఆడుకునేవాళ్లం, ఓడినవాళ్లు గింజలు దాచేస్తే జుట్లు పట్టుకునేవాళ్లం. ఆకలైతే ఎవరింట్లోనైనా ఇంత జొన్నరొట్టె, చింతచిగురు పప్పు దొరికేవి. పులుపుకి బాలమణత్త వేళ్లు పగిలి, గోళ్ల సందులు నల్లబడి ఉండేవి. ఆ వేళ్లతోనే రోజూ పొద్దున నాకు జడలు వేసేది, ఎందుకంటే మా అమ్మ పొద్దు పొడవకముందే కూలికి పోయేది, నాయిన పట్నంలో సెంట్రింగు పనిచేస్తూ పండుగలకే ఇంటికొచ్చేవాడు. బాలమణత్త మైసమ్మకు మొక్కేది, మేము ఊరి చివర రేకుల చర్చికి పోయేవాళ్లం. అయినా మా రెండిళ్ల మధ్య తిరిగే కూరగిన్నెలకు ఆ తేడా ఎన్నడూ అడ్డం రాలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం నేను గురుకులం సీటుకు పరీక్ష రాయాలి. సీటొస్తే చదువుకుంటాను, రాకపోతే అందరం నాయిన వెంట పట్నం పోయి పని జాగాలోనే గుడిసె వేసుకుంటాం, ఇక బడి ముచ్చటే ఉండదు. సరిగ్గా ఆ పొద్దే బస్సు రాలేదు. అమ్మ రోడ్డు పక్కన కంకర మీదే మోకాళ్లూని కళ్లు మూసుకుంది. తోడొచ్చిన బాలమణత్త కాసేపు అమ్మను, కాసేపు రోడ్డును చూసి, కొంగు నడుముకు చుట్టుకుని రోడ్డు నడిమధ్యన నిలబడింది. ఎదురుగా వచ్చిన చింతపండు ట్రాలీ ఆమెను తప్పించుకుపోలేక ఆగింది, డ్రైవరు తిట్టిన తిట్లన్నీ ఆమే పడింది. ఆ బస్తాల మీద కూర్చుని సరిగ్గా గేటు మూసే వేళకు ముగ్గురం చేరాం. దేవుడే బండి పంపాడని అమ్మ అంది. బాలమణత్త కాదనలేదు, నా పరీక్ష అయ్యేదాకా గోడ నీడతో పాటు జరుగుతూ బయటే కూర్చుంది.

సీటొచ్చింది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలన్నారు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ లేచి చెప్పడం. మా దగ్గర సాక్ష్యానికి ఒక ముగింపు మాట ఉండేది. రోగం తగ్గినవాళ్లయినా, బోరులో నీళ్లు పడ్డవాళ్లయినా చివరికి అదే చెప్పేవాళ్లు: ఏ మనిషీ నాకు సహాయం చేయలేదు, దేవుడే నా చెయ్యి పట్టుకున్నాడు అని. అమ్మ నాతో మూడు రోజులు వల్లె వేయించింది. మధ్యాహ్నం అన్నానికి మేము పిలిచిన బాలమణత్త, నా మాట వినాలని పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని, ముందే చర్చికి వచ్చి, గడప దగ్గర చెప్పుల పక్కన కూర్చుంది. నేనామెను చూశాను. చూస్తూనే, ఒక్క ముక్క తడబడకుండా ఆ మాట చెప్పేశాను. అందరూ స్తోత్రం అన్నారు.

గురుకులానికి పోయే పొద్దున కూడా ఆమే జడలు వేసింది. రిబ్బను ముడివేశాక, "మంచిగ జెప్పినవ్ బిడ్డా," అంది. రెండో జడ రిబ్బను కూడా ముడివేసి, "నేను గూడ మనిషినే గద?" అంది.

పదేళ్లదాన్ని, అద్దంలో జడలు చూసుకుని ఆటో దగ్గరికి ఉరికాను. నా ట్రంకు పెట్టె ఎత్తి ఆటోలో పెట్టింది కూడా ఆమే. దసరా సెలవులకు వచ్చేసరికి ఆమె ఇంటికి తాళం ఉంది; హుజూర్‌నగర్ దిక్కు బిడ్డ దగ్గరికి పోయిందన్నారు, రెండేళ్లకు అక్కడే కాలం చేసిందన్నారు. ఏరు దాటి తెప్ప తగలేయడం అంటే ఏమిటో హాస్టల్లో తెలుగు టీచరు చెబుతుంటే తల ఎత్తలేకపోయాను. ఇంటి మీద బెంగతో అన్నం సయించని రోజుల్లో ప్రార్థనే నన్ను నిలబెట్టింది. ఆ శాంతి అబద్ధం కాదు, ఇప్పటికీ దాని మీదే బతుకుతున్నాను. కానీ కళ్లు మూసుకోగానే మొదట ఆమె అడిగిన మాటే వినబడుతుంది, దానికి సిగ్గుపడ్డాకే నా ప్రార్థన మొదలవుతుంది.

ఉద్యోగం వచ్చినందుకు పోయిన ఆదివారం మళ్లీ సాక్ష్యం. రేకుల చర్చికి ఇప్పుడు స్లాబు పడింది. చింతచెట్లు కొట్టేసి ప్లాట్ల రాళ్లు పాతారు, ఏ వాకిట్లోనూ గింజ కొట్టే చప్పుడు లేదు, అష్టాచెమ్మా ఆడే పిల్లలూ లేరు. అమ్మ ముందు వరుసలో కూర్చుంది. చివరికి రాగానే, అలవాటైన ఆ మాట కోసం అందరూ చేతులెత్తి సిద్ధంగా ఉన్నారు.

"దేవుడు నాకు సాయం చేసిండు," అన్నాను. "బాలమణి అనే మనిషి చెయ్యితోని చేసిండు."

ఎత్తిన చేతులు అట్లాగే ఉన్నాయి. అమ్మ మాత్రం తల తిప్పి గడప వైపు చూసింది. చాలాసేపు చూసి, ఒక్కతే, స్తోత్రం అంది. గడప దగ్గర చెప్పులే ఉన్నాయి.